‘పైదే’ అను మాట తెచ్చు చిక్కు

జి. కొండూరులోని నా మిత్రుడొకరు, వృత్తిచే ఉపాధ్యాయులు, తమ ప్రాంతపు గ్రామముల పూర్వచరిత్రను గూర్చి చిన్న గ్రంథమొకటి వ్రాసినారు. వ్రాత అంతయు కంప్యూటరు మీదనే సాగినది. ఆధారములను పుటల అడుగున గాక గ్రంథాంతమున అంకెల వరుసలో ఇచ్చినారు. అచ్చునకు పంపుటకు ముందు ఆ ప్రతిని నాకు చదువుటకిచ్చిరి. అందొకచోట ఒక విచిత్రము కంటబడినది. గ్రామ కైఫీయత్తునుండి గ్రహించిన సంగతికి ఆధారముగా, గార్డన్ మెకంజీ రచించిన కృష్ణా జిల్లా మాన్యువల్ పేర్కొనబడియున్నది.

మెకంజీలు ఇరువురు కలరు. కైఫీయత్తులను సేకరింపజేసినవాడు కాలిన్ మెకంజీ. ఏలూరువాడైన కావలి బొఱ్ఱయ్య మొదలగువారు ఆయనకు సహాయులు. ఆయన 1821లో మరణించెను. గార్డన్ మెకంజీ వేరొకడు. ఆయన గ్రంథము 1883లో మద్రాసున వెలువడినది. మొదటిది కరణముల కవిలెలనుండియు, ఊరి పెద్దల నోటనుండియు వచ్చిన మాట. రెండవది దొరతనమువారి ఉద్యోగి వ్రాసిన మాట. నడుమ అరువది సంవత్సరములకు పైబడిన యెడము. ఈ గ్రంథమును నమ్మి ఒక చెరువు వయస్సునో, ఒక తోట వయస్సునో లెక్కగట్టువాడు ఎంత పొరబడునో చూడుడు!

మిత్రుని వ్రాతలో మొదట తప్పు లేదు. 12వ సూచికలో కైఫీయత్తును పేర్కొని, 13వ దానిలో ‘పైదే’ యని వ్రాసినారు. కొంతకాలమునకు ఆ రెంటి నడుమ క్రొత్త వాక్యమొకటి చేర్చి, దానికి గార్డన్ మెకంజీని ఆధారముగా ఇచ్చినారు. కంప్యూటరు వినయముగా 13ను 14 చేసినది. కాని ‘పైదే’ యనిన ఏమియో దానికి తెలియదు. ఆ మాట తన పైనున్న క్రొత్తవానిని పట్టుకొన్నది. మామిడితోటలో చెట్టుకు గుర్తు కట్టక ‘దాని ప్రక్కది’ యని చెప్పినట్లే ఇదియు. నడుమ ఒక మొక్క నాటగానే మాట తప్పును.

దీనికి విరుగుడు వర్డ్ ప్రాసెసరులోనే కలదు. ఒకే ఆధారమును, ఒకే పుటను మరల చూపవలసినప్పుడు క్రొత్త సూచిక వ్రాయనక్కరలేదు. పాత అంకెనే మరల వేయవచ్చును. విజ్ఞానశాస్త్ర వ్యాసములలో ఇది వాడుకయే. అయితే ఆ అంకెను చేతితో టైపు చేయరాదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ‘రిఫరెన్సెస్’ అను పట్టీయందు ‘క్రాస్ రిఫరెన్స్’ అను ఆజ్ఞ యుండును. దానిని తెరచి, రకముగా ‘ఎండ్‌నోట్’ను ఎన్నుకొని, ‘ఎండ్‌నోట్ నంబర్, ఫార్మాటెడ్’ అనుదానిని కోరి, జాబితాలో కావలసిన సూచికను చూపవలెను. అంకె పంక్తికి పైన చిన్నదిగా, అసలు అంకెవలెనే నిలుచును. పైకి అంకెయే కాని, లోపల ఆ సూచికకు కట్టిన త్రాడు. (వర్డ్ తనంత తాను ఈ సూచికలకు రోమను అంకెలు వేయును, మన అలవాటు 1, 2, 3 గనుక ముందే మార్చుకొనుట మంచిది.)

ఇక్కడనే పలువురు మోసపోవుచున్నారు. నడుమ క్రొత్త సూచిక చేరినప్పుడు అసలు అంకెలు వెంటనే మారును. త్రాడు కట్టిన అంకెలు మాత్రము మనము చెప్పువరకు మారవు. కంట్రోల్‌తో ‘ఎ’ నొక్కి వ్రాత నంతటిని ఎన్నుకొని, పిదప ఎఫ్ 9 నొక్కవలెను. సూచికల లోపల ‘4వ సూచిక చూడుడు’ వంటి మాటలు ఈ విధముగనే కట్టియున్నచో, సూచికల భాగములో మరల వేరుగా అదే పని చేయవలెను. మొదటి ఎన్నిక అక్కడివరకు పోదు. అసలు సూచికను తీసివేసినచో దానికి కట్టిన అంకెలన్నియు అనాథలగును. ఎఫ్ 9 నొక్కగానే వాని స్థానమున ‘ఎర్రర్’ అను మాట నిలుచును. అది కనబడుటయే మేలు; కనబడని తప్పు అచ్చునకు పోవును.

ఉచితముగా లభించు లిబ్రెఆఫీస్‌లోను ఇదే సౌకర్యము ‘ఇన్సర్ట్’ పట్టీయందు కలదు. అచ్చట అంకెను పంక్తికి పైకి ఎత్తుట మాత్రము మన వంతు.

పుట మారినచో ఈ ఉపాయము పనికిరాదు. అప్పుడు క్రొత్త సూచికయే వ్రాయవలెను. అందును ‘పైదే’ కూడదు. రచయిత పేరు, గ్రంథము పేరు పొట్టిగా వ్రాసి, పుటసంఖ్య నీయవలెను. చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారి శైలిగ్రంథము సహితము 2017 నాటి కూర్పులో ‘పైదే’కు సాటియగు లాటిను మాటకన్న ఈ పొట్టిపేరే మేలన్నది. కాగితము ఆదా యగునని పూర్వులు ‘పైదే’ను ఆదరించిరేమో కాని, నాకు ఆ మాటపై ఎన్నడును నమ్మకము లేదు.

మిత్రుడు రెండు రాత్రులు కూర్చుండి ‘పైదే’లనన్నిటిని ఏరివేసిరి. ఒకే పుటకు సంబంధించినవానికి త్రాడు కట్టిరి. తక్కినవానికి పొట్టిపేర్లు వ్రాసిరి. మెకంజీ యను ఒంటిపేరు ఇప్పుడా గ్రంథములో ఎచ్చటను లేదు. కాలిన్ అనియో, గార్డన్ అనియో ముందు తప్పక ఉన్నది.