రద్దీ పేరిట మూసిన తలుపులు

నాజీయిజాన్ని చదువురాని మూకల ఉన్మాదంగా చూడటం మనకు అలవాటైంది. చదువుకున్నవారికి ఆ అలవాటు సౌకర్యంగానూ ఉంటుంది. చరిత్ర మాత్రం వేరే సాక్ష్యం చెబుతోంది. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ పదవి చేపట్టాడు. అంతకు ఏడాదిన్నర ముందే, 1931 జులైలో, నాజీ విద్యార్థి లీగ్ జర్మన్ విద్యార్థి సంఘాల సమాఖ్య నాయకత్వాన్ని చేజిక్కించుకుంది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ మితవాదం ఎలా బలపడిందో తెలుసుకోదలచినవారు వీధుల్లోని కవాతులతో పాటు తరగతి గదులనూ పరిశీలించాలి.

1918 నాటి ఓటమి, వర్సెయిల్స్ ఒప్పందం జర్మన్లలో అవమాన భావాన్ని రగిలించాయి. 1923 నాటి ద్రవ్యోల్బణం మధ్యతరగతి పొదుపును తుడిచిపెట్టింది. 1929లో మొదలైన మహామాంద్యం 1932 నాటికి దాదాపు 60 లక్షల మందిని నిరుద్యోగులను చేసింది. పట్టభద్రుల ముందు భవిష్యత్తు చీకటైంది. ఉద్యోగాలు ఎందుకు లేవన్న ప్రశ్నకు ఆర్థిక వ్యవస్థలో జవాబు వెతకడం కష్టం; పక్క బెంచీలో వెతకడం సులభం. జనాభాలో ఒక శాతం కూడా లేని యూదులే అవకాశాలన్నీ కాజేస్తున్నారని నాజీలు ప్రచారం చేశారు. 1928లో 2.6 శాతం ఓట్లు పొందిన ఆ పార్టీ 1932 జులైలో 37.3 శాతానికి ఎగబాకింది.

అధికారం దక్కగానే ప్రచారం చట్టమైంది. 1933 ఏప్రిల్ 7న తెచ్చిన చట్టంతో ‘ఆర్యేతరుల’ను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించసాగారు. ఆచార్యులూ, న్యాయమూర్తులూ అందులో ఉన్నారు. ఏప్రిల్ 25న మరో చట్టం వచ్చింది. విద్యాసంస్థల్లో రద్దీని నివారించడం దాని పైకి చెప్పిన ఉద్దేశం. కొత్త ప్రవేశాల్లో యూదు విద్యార్థులు 1.5 శాతం మించరాదన్నది దాని సారాంశం. ‘కోటా’ అన్న ఒక్క మాట చూసి ఇటువంటి చట్టాన్ని రిజర్వేషన్లతో పోల్చడం పొరపాటు. అది ఒక సమూహాన్ని గెంటివేయడానికి విధించిన గరిష్ఠ పరిమితి. మన రాజ్యాంగంలోని 15(4), 16(4) అధికరణలు తరతరాలుగా గడప బయట నిలబెట్టినవారిని లోపలికి తెచ్చే మార్గం. ఒకటి తలుపు మూస్తుంది, మరొకటి తెరుస్తుంది.

ఆ ఏడాది మే 10న జర్మన్ విశ్వవిద్యాలయ పట్టణాల్లో పుస్తకాలను తగలబెట్టారు. ఫ్రాయిడ్, మార్క్స్, రెమార్క్ రచనలు బూడిదయ్యాయి. ఆ కార్యక్రమాన్ని సంకల్పించి నిర్వహించింది విద్యార్థి సంఘమే. చదువు దానంతటదే మనిషిని సమానత్వవాదిగా మార్చదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1935 సెప్టెంబర్ 15 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు కుల సమాజంలో పుట్టిన మనకు వెంటనే అర్థమవుతాయి. యూదులకూ ‘జర్మన్ రక్తం’ గలవారికీ మధ్య వివాహాలను, వివాహేతర సంబంధాలను నిషేధించారు. తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు నలుగురిలో ముగ్గురు యూదులైతే ఆ వ్యక్తి యూదుడేనని నిర్ణయించారు. రక్తాన్ని కొలిచే సాధనం ఏదీ లేదు గనుక, ఆ పెద్దల మతాన్నే రక్తానికి రుజువుగా తీసుకున్నారు! 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేద్కర్ కులానికి మూలం అంతర్వివాహమేనని తేల్చారు. 1936 నాటి ‘కుల నిర్మూలన’లో కులాంతర వివాహాన్ని అసలైన మందుగా సూచించి, శాస్త్రాల పవిత్రత మీది నమ్మకం నశించనిదే ఆ మందు పారదని హెచ్చరించారు. జర్మనీలో రాజ్యం చట్టం రాసి చేసిన పనిని ఇక్కడ శాస్త్రం, కట్టుబాటు చేస్తూ వచ్చాయి. పెళ్లి మీద కాపలా పెట్టనిదే పుట్టుకతో వచ్చే ఆధిక్యం నిలవదన్న సంగతి రెండు వ్యవస్థలకూ తెలుసు. ‘ఆర్య’ అన్న సంస్కృత పదాన్ని ఐరోపా జాతివాదులు రక్తానికి ముడిపెట్టగా, ఆర్య జాతి సిద్ధాంతాన్ని అంబేద్కర్ 1946లో ‘శూద్రులెవరు?’ గ్రంథంలో తోసిపుచ్చారు.

ఈ విజయం అనివార్యమేమీ కాదు. 1932 నవంబర్ ఎన్నికల్లో నాజీల ఓట్లు 33.1 శాతానికి పడిపోయాయి. సోషల్ డెమోక్రాట్లకు 20.4, కమ్యూనిస్టులకు 16.9 శాతం వచ్చాయి. ఇద్దరివీ కలిపితే నాజీలకంటే ఎక్కువే. కానీ కమ్యూనిస్టులు సోషల్ డెమోక్రాట్లను ‘సోషల్ ఫాసిస్టులు’గా నిందించారు, సోషల్ డెమోక్రాట్లూ కమ్యూనిస్టులను నమ్మలేదు. హిట్లర్‌ను అదుపులో ఉంచుకోగలమని భ్రమించిన పాపెన్ వంటి సంప్రదాయ కులీనులు ఆయన పేరును ప్రతిపాదించగా, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పదవి కట్టబెట్టాడు. ప్రత్యర్థుల చీలిక, పైవర్గాల లెక్కలు కలిసి, తగ్గుతున్న బలాన్ని అధికారంగా మార్చాయి.

నిచ్చెన మెట్ల వ్యవస్థలో ఈ పాఠానికి మరింత బరువుంది. ప్రతి మెట్టు మీది మనిషికీ కింద మరొకరు కనిపిస్తారు. తన లేమికి ఆ కిందివాడే కారణమని నమ్మించడం తేలిక. సీట్లు, ఉద్యోగాలు కుదించుకుపోతున్న కాలంలో విద్యార్థి అడగవలసింది పక్కవాడి కులం కాదు, అవి ఎందుకు తగ్గుతున్నాయన్న ప్రశ్న. దళిత, బహుజన, వామపక్ష విద్యార్థులు ఆ ప్రశ్నను కలిసి అడగాలి. 1932 నాటి జర్మన్ ప్రజాస్వామికవాదులు చేయలేకపోయిన పని అదే.