మనసు కనిపెట్టే గుర్రం

మెట్టుగూడలోనో, తార్నాకలోనో పెళ్ళి ఊరేగింపు వచ్చినప్పుడు వరుణ్ణి మోసే గుర్రాన్ని మీరు చూసే ఉంటారు. ఈసారి దాని అలంకారాన్ని కాక, చెవులను గమనించండి. ఒక చెవి బాజాల వైపు, ఇంకొకటి జనం వైపు తిరుగుతూ ఉంటాయి. గుర్రం గడ్డి మేసే జంతువు. తోడేళ్ళ వంటి మృగాలు దాన్ని వేటాడేవి. ప్రమాదాన్ని ముందుగా పసికట్టిన గుర్రమే బతికి బయటపడేది. అందుచేత ఎదుటివారి కదలికలను కనిపెట్టటం దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ విద్య ఎంత గొప్పదో 1907లో లోకానికి తెలిసింది. జర్మనీలోని బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం ఉండేది. "మూడూ నాలుగూ ఎంత?" అని అడిగితే అది గిట్టతో ఏడుసార్లు నేల తట్టేది! గుర్రానికి లెక్కలు వచ్చునని జనం విస్తుపోయారు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దాన్ని పరీక్షించాడు. జవాబు తెలియనివారు ప్రశ్న అడిగితే హాన్స్ కూడా తప్పింది. అసలు సంగతి ఏమిటంటే, సరి అయిన సంఖ్య రాగానే అడిగినవాడి తల రవంత పైకి లేచేది. ఆ సంగతి అతనికే తెలియదు. కాని గుర్రానికి తెలిసిపోయేది!

2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 28 గుర్రాలకు మనిషి ముఖాల ఫొటోలు చూపారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె మరింత త్వరగా వేగం పుంజుకున్నది.

మనసు బాగాలేని వారికి ఈ గుణం ఎలా పనికివస్తుందో చూడండి. మనోవైద్య నిపుణులు మందులతోనే కాక మాటలతో కూడా చికిత్స చేస్తారు. లోపల దాచుకున్న భయాన్నీ, దిగులునూ మెల్లగా చెప్పించి, బరువు దించుతారు. కాని కొందరికి నోరు పెగలదు. తల్లిని పోగొట్టుకున్న పిల్లవాణ్ణి, "నీకెలా ఉంది?" అని అడిగితే ఏం చెబుతాడు? తల వంచుకుంటాడు. పెద్దలు వాణ్ణి మొండివాడంటారు.

ఇటువంటివారి కోసం కొన్ని దేశాలలో నిపుణులు గుర్రం సాయం తీసుకుంటున్నారు. 1999లో అమెరికాలో ఏర్పడిన ఈగాలా అనే సంస్థ పద్ధతిలో స్వారీ ఉండదు, అంతా నేలమీదనే. మనోవైద్య నిపుణుడొకరూ, గుర్రాల సంగతి తెలిసినవారొకరూ పక్కనే ఉంటారు.

మన పిల్లవాడు అక్కడికి వెళ్ళాడనుకోండి. వాడు బిగుసుకుపోయి దగ్గరకు వస్తే గుర్రం తల ఎత్తి దూరం జరగవచ్చు. వాడు ఆగి, నిదానంగా ఊపిరి పీల్చుకుంటే అది కూడా కుదుటపడవచ్చు.

"గుర్రం ఎందుకు వెనక్కు పోయిందంటావు?" అని నిపుణుడు అడుగుతాడు.

"దానికి భయం వేసింది," అంటాడు పిల్లవాడు.

తన భయం చెప్పుకోలేనివాడు గుర్రం భయాన్ని చెప్పగలిగాడు! ఇక అక్కడి నుంచి తన సంగతికి రావటం అంత కష్టం కాదు. చికిత్స మాటలదే, ఆ మాటలకు తలుపు తీసేది గుర్రం.

అయితే గుర్రం వైద్యుడు కాదు. ఈ పద్ధతి మీద జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవి. గట్టి రుజువులు ఇంకా రావలసి ఉన్నది. మందులకూ, మాటల చికిత్సకూ ఇది తోడే గాని బదులు కాదు.

మీ తరగతిలో ఎవరైనా ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే, వారిని మొండివారనకండి. పక్కన కూర్చోండి, తొందరపెట్టకండి, మీ పంతులుగారికి చెప్పండి. దిగులు ఎన్నాళ్ళకూ వదలకపోతే పెద్దలు 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ టెలిమానస్‌లో రాత్రింబగళ్ళు సలహా చెబుతారు. తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. కాలు విరిగితే వైద్యుడి దగ్గరకు వెళ్ళటానికి సిగ్గుపడం కదా! మనసు నొచ్చినప్పుడు మాత్రం సిగ్గెందుకు?