మహిళా సర్పంచ్ – మూస భావనలు

పరిపాలన మగవారి పని అనీ, కుర్చీలో మహిళ కూర్చున్నా నిర్ణయం ఆమె ఇంటి మగవారిదే అనీ జనం నమ్మడం జెండర్ మూస భావనకు ఒక రూపం. మహిళా నాయకులు దీన్ని ఎలా అధిగమిస్తారో తెలుసుకోవడానికి పెద్ద కంపెనీల దాకా వెళ్లనక్కరలేదు. మన గ్రామ పంచాయతీ చాలు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో కనీసం మూడింట ఒక వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. మన రాష్ట్రంలో 2013 ఎన్నికల నాటికి అది సగమైంది.

అయితే కుర్చీ దక్కినంత మాత్రాన మాట చెల్లదు. ఊళ్లో పని పడితే సర్పంచ్‌గారి భర్తను వెతుక్కుంటూ వెళ్లేవారిని మీరూ చూసి ఉంటారు. తప్పు ఆ భర్త ఒక్కడిదే కాదు, కాగితాలు ఆయన చేతికిచ్చే ఉద్యోగిది కూడా.

అవనిగడ్డ ప్రాంతాన్నే తీసుకోండి. సముద్రం దగ్గర కావడంతో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పు. కాలువ కట్టేసేలోగా మంచినీటి చెరువు నింపుకోకపోతే వేసవిలో ఇబ్బందే. బిందె మోసే ఆడవారికి ఆ చెరువు ఎప్పుడు అడుగంటుతుందో అందరికన్నా ముందు తెలుస్తుంది. ఇంటిపని అని తేలిగ్గా తీసిపారేసే ఈ అనుభవమే ఇక్కడ పాలనకు కావలసిన తెలివి. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో, మహిళలకు రిజర్వు చేసిన పంచాయతీలు తాగునీటి పనులు ఎక్కువగా చేపట్టినట్లు తేలింది.

మరి ఇది జనం అభిప్రాయాన్ని మారుస్తుందా? డఫ్లో సహచరులతో కలిసి 2009లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఒకే ప్రసంగాన్ని మగ గొంతుతోనూ ఆడ గొంతుతోనూ బెంగాల్ గ్రామస్థులకు వినిపించారు. మహిళా నాయకత్వం ఎరుగని ఊళ్ల పురుషులు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. అది ఎరిగిన ఊళ్లలో ఆ తేడా చాలావరకు పోయింది. మహిళా నాయకులంటే పురుషులకు ఉన్న అయిష్టం మాత్రం పోలేదు. నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది: మహిళ నచ్చకపోయినా ఆమె సమర్థతను ఒప్పుకోవచ్చు.

శిక్షణ తరగతుల్లో ఆత్మవిశ్వాసం గురించి ఎక్కువ చెబుతారు. నా దృష్టిలో పద్ధతి అంతకన్నా ముఖ్యం. గ్రామసభకు తానే అధ్యక్షత వహించడం, తీర్మానాల పుస్తకం చదివాకే సంతకం పెట్టడం, కార్యదర్శి తనతోనే మాట్లాడాలని మొదటి రోజే చెప్పడం, డ్వాక్రా సంఘాల మహిళలను సభకు రప్పించడం – ఇవన్నీ ఊరి కంటికి కనిపించే పనులు. రిజర్వేషన్ స్థానాలు మారుతూ ఉంటాయి కనుక ఆమెకు దొరికేది ఒక్క పదవీకాలమే కావచ్చు. చెరువు పూడిక పని మొదటి వేసవిలోనే పట్టుకోవాలి. కాలువకు నీళ్లు వదిలాక ఆ పని మళ్లీ ఏడాదికే.