కలిసి కొన్న ఇల్లు - విడిపోవు వేళ

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఈ రెండు భారములను ఒక్క మాటలో జతపరచిన ఆ అనుభవజ్ఞులు, పెండ్లితో నిమిత్తము లేకయే ఇద్దరు కలిసి ఇల్లు కొను కాలము వచ్చునని తలచియుండరు. నేడు స్నేహితురాండ్రును, సహజీవనము చేయు స్త్రీపురుషులును ఇద్దరి జీతములు చూపి, బ్యాంకు ఋణముతో ఇల్లు కొనుట కలదు. గృహప్రవేశపు తోరణము మూడు దినములకు వాడిపోవును. తనఖా పత్రము ఇరువది ఏండ్లు నిలుచును. ఈలోగా ఒకరికి బదిలీ కావచ్చును, వివాహము కావచ్చును, మనసులు కలియకపోవచ్చును. అప్పుడు ఆ ఇంటిని పంచుకొనుట ఎట్లు?

దంపతుల తగవులు తీర్చుటకు 1984 చట్టము ననుసరించి కుటుంబ న్యాయస్థానములున్నవి. అన్నదమ్ములకు దాయభాగ ధర్మమున్నది. పదుమూడవ శతాబ్దమునందే కేతన విజ్ఞానేశ్వరీయమున దానిని తెనిగించెను. ఈ రెండు బంధములును లేనివారికి ఆధారము ఒడంబడికయే. కలిసి వ్యాపారము చేసినవారి లాభనష్టములను వారు పెట్టిన ధనమునుబట్టి గాని, చేసికొన్న ఒడంబడికనుబట్టి గాని పంచవలెనని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టపు 45వ సెక్షను భావమును ఇంచుమించు ఇదియే: వేరు ఒప్పందము లేనిచో ఎవరి సొమ్మునుబట్టి వారి వాటా, ఎవరెంత యిచ్చిరో రుజువు లేనిచో సమభాగము. 2005 నాటి గృహహింస చట్టము సహజీవనము చేయు స్త్రీకి నివాసరక్షణ నీయవచ్చును గాని, ఇంటిలో ఆమె వాటాను నిర్ణయింపదు.

ఒక ఉదాహరణమును చూతము. ఇద్దరు ఉపాధ్యాయినులు 50 లక్షల రూపాయలకు ఇల్లు కొనిరనుకొందము. పెద్దామె 6 లక్షలు, చిన్నామె 4 లక్షలు చేతినుండి పెట్టిరి. తక్కిన 40 లక్షలు బ్యాంకు ఋణము. వాయిదాలు చెరిసగము కట్టిరి. కొన్ని ఏండ్లకు ఇంటి విలువ 64 లక్షలైనది. బాకీ 34 లక్షలున్నది. పంచుకొనవలసినది 64 లక్షలు కాదు, 30 లక్షలే. సమభాగమైనచో తలకు 15 లక్షలు. ముందుగా ఎవరి పెట్టుబడి వారికిచ్చి మిగిలినది పంచినచో పెద్దామెకు 16, చిన్నామెకు 14. రెండు లెక్కలును న్యాయముగనే తోచును. ఏది చెల్లునో చెప్పవలసినది ఆనాడు వ్రాసికొన్న కాగితము. అది లేనిచోట స్నేహము మాటలాడదు, న్యాయవాదులు మాటలాడుదురు.

అంతకంటె పెద్ద చిక్కు అప్పుతో వచ్చును. ఇంటిపై హక్కు వేరు, ఋణబాధ్యత వేరు. చిన్నామె తన వాటాను విడిచి వ్రాసియిచ్చి ఊరు విడిచినను, ఋణపత్రముపై ఆమె సంతకము అట్లే యుండును. 1872 నాటి ఒప్పందముల చట్టము 43వ సెక్షను ప్రకారము, కలిసి మాట యిచ్చినవారిలో ఏ యొక్కరినుండియైనను మొత్తము బాకీని రాబట్టవచ్చును. తమలో తాము చేసికొన్న పంపకము బ్యాంకును బంధింపదు. పెద్దామె వాయిదాలు తప్పినచో, తనది కాని ఇంటికై చిన్నామె బాకీదారుగా నిలుచును. ఆమె మరియొక ఇంటికై అప్పు అడిగినపుడు ఈ పాత అప్పే అడ్డుపడును.

కావున వరుస తప్పరాదు. మొదట ఇంటి విలువను మదింపు చేయించి, బ్యాంకునుండి బాకీ లెక్కను వ్రాతమూలముగ తీసికొనవలెను. ఇల్లు ఉంచుకొనదలచినవారు తమ ఒక్కరి జీతముపై ఋణమును మార్పించుకొని, రెండవవారిని బాధ్యతనుండి తప్పించినట్లు బ్యాంకుచేత వ్రాయించవలెను. వాటా సొమ్ము ముట్టజెప్పి, హక్కు విడుదల దస్తావేజును రిజిస్టరు చేయించవలెను. ఒక్కరి జీతము చాలదని బ్యాంకు కాదన్నచో, ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలినది పంచుకొనుట మేలు. ఇద్దరికిని పొసగనిచో న్యాయస్థానమే శరణ్యము. పంచ వీలులేని ఇంటి విషయమున, సగము గాని అంతకు మించి గాని వాటా గలవారు కోరినచో అమ్మకమునకు ఉత్తరువీయవచ్చునని 1893 నాటి విభాగ చట్టము చెప్పుచున్నది. రెండవవారు కోరినచో న్యాయస్థానము కట్టిన వెలకు ఆ వాటాను కొనుటకును అందు వీలున్నది.

ఇల్లు కొనుచున్న శుభవేళ విడిపోవు మాట వ్రాసికొనుట అశుభమని కొందరు సంకోచింతురు. హాజరుపట్టీలో దినదినము సంతకము చేయు ఉపాధ్యాయునకు, వ్రాత అపనమ్మకమునకు గురుతు కాదని వేరుగ చెప్పనక్కరలేదు. ఎవరెంత పెట్టిరి, వాయిదా ఎవరు కట్టుదురు, ఒకరు వెడలదలచినచో వెల ఎట్లు కట్టుదురు, అప్పునుండి ఎన్నాళ్లలో తప్పింతురు - ఈ నాలుగు సంగతులు వ్రాసికొనుటకు ఒక్క సాయంకాలము చాలును. ఆ కాగితమున్నచో ఇల్లు ఒకరిదైనను స్నేహము ఇద్దరికిని మిగులును.