ఒకే మందు, వేర్వేరు ఫలితాలు

శస్త్రచికిత్స జరిగిన ఇద్దరికి ఒకే మోతాదులో మార్ఫిన్ ఇచ్చినా ఒకరు హాయిగా నిద్రించవచ్చు, మరొకరు రాత్రంతా మూలుగుతూనే ఉండవచ్చు. రెండో వ్యక్తికి ఓర్పు తక్కువని మనం తొందరపడి తీర్పు చెబుతాం. ఆ తేడా పుట్టుకతో వచ్చిన జన్యువుల్లోనూ ఉండవచ్చునని ప్రయోగశాలల్లోని చిట్టెలుకలు తెలియజేస్తున్నాయి.

నల్లమందు నుండి లభించే మార్ఫిన్ మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే 'మ్యూ' గ్రాహకాలను అంటుకుని నొప్పిని అణచివేస్తుంది. వ్యసనానికి దారితీసేవీ, మోతాదు మించితే శ్వాసను మందగింపజేసేవీ అవే గ్రాహకాలు.

ఇరవైకి పైగా తరాలపాటు తోబుట్టువుల మధ్యనే సంతతిని పెంచిన చిట్టెలుకల వంశాలు ఉన్నాయి. ఒక వంశంలోని ఎలుకలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకేలా ఉంటాయి. కాబట్టి ఒకే ఆహారం, ఒకే వసతి, ఒకే మోతాదు ఇచ్చి రెండు వంశాలను పోల్చినప్పుడు కనిపించే తేడాకు జన్యువులే ప్రధాన కారణమని గ్రహించవచ్చు. 'సి57బిఎల్/6' వంశపు నల్ల ఎలుకలు తీపి కలిపిన మార్ఫిన్ నీటిని ఇష్టంగా తాగుతాయి. 'డిబిఎ/2' ఎలుకలు దాని జోలికి పోవు. 'సిఎక్స్‌బికె' ఎలుకల్లో మ్యూ గ్రాహకాలు తక్కువ. వాటికి మార్ఫిన్ ఇచ్చినా నొప్పి అంతగా తగ్గదు.

1996లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈ గ్రాహకపు జన్యువును పూర్తిగా తొలగించిన ఎలుకలను పరీక్షించారు. మార్ఫిన్ వాటి నొప్పిని తగ్గించలేదు, వాటిని తనవైపు ఆకర్షించనూ లేదు. మందు ఆపినప్పుడు కలిగే బాధ కూడా వాటిలో కనిపించలేదు. అయితే అంతా ఒక్క జన్యువు చేతిలోనే లేదు. మార్ఫిన్‌పై ఇష్టానికి సంబంధించి క్రోమోజోముల్లో మూడు స్థానాలను 1994 నాటి పరిశోధన గుర్తించింది.

ఎలుకల ఫలితాలను యథాతథంగా మనుషులకు అన్వయించలేము. కాని మనుషుల్లోనూ జన్యుభేదాల ప్రభావం ఉంది. కోడీన్‌ను మార్ఫిన్‌గా మార్చేది కాలేయంలోని ఒక ఎంజైమ్. అది మందకొడిగా ఉన్నవారికి కోడీన్‌తో ఉపశమనం అంతగా కలగదు. మితిమీరిన వేగంతో పనిచేసేవారికి మామూలు మోతాదే ప్రాణాంతకం కావచ్చు. అందుకే 12 ఏళ్లలోపు పిల్లలకు కోడీన్ ఇవ్వరాదని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది.

కనుక ఒకరికి రాసిన నొప్పి మాత్రను ఇంట్లో మరొకరికి ఇవ్వకూడదు. గతంలో కుటుంబంలో ఎవరికైనా ఇటువంటి మందు వికటించి ఉంటే ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. మందు వేసుకున్నాక అతి మగత, నెమ్మదించిన శ్వాస కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. నొప్పి తగ్గలేదని రోగి చెబితే ముందు ఆ మాటను నమ్మాలి. మోతాదును మనంతట మనం పెంచకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి.