పాత కారులో తరిగిపోవు ఓల్టులు

పాత అంబాసిడరు కారు దీపములు మసకబారినచో బ్యాటరీ పాడైనదని తలచి పలువురు క్రొత్తది కొందురు. అప్పటికిని దీపములు మసకగనే వెలిగినచో లోపము బ్యాటరీలో గాక విద్యుత్తు నడచు దారిలో నున్నదని గ్రహింపవలెను.

ఓమ్ నియమము ప్రకారము, నిరోధము గల చోట ప్రవాహము సాగినప్పుడు కొంత ఓల్టేజి అక్కడనే ఖర్చగును. 60 వాట్ల దీపములు రెండు 12 ఓల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసికొనును. రెండింటికి పోవు తీగెలో త్రుప్పు పట్టిన అతుకు నిరోధము 0.1 ఓమ్ మాత్రమే యైనను, అచ్చట సుమారు 1 ఓల్టు తరుగును. కాంతి ఇంచుమించు నాల్గవ వంతు తగ్గును. రాత్రివేళ రహదారిపై ఇది చిన్న నష్టము కాదు.

దీపములను ఊడదీసి తీగె కొన వద్ద కొలిచినచో ఈ దోషము కనబడదు. ప్రవాహము లేనిదే తరుగుదల లేదు గదా! కనుక దీపములు వెలుగుచుండగనే పరీక్షింపవలెను.

ఓల్టుమీటరు ఒక కొనను తీగె బయలుదేరు బ్యాటరీ ధ్రువమునకును, రెండవ కొనను దీపము వద్ద ఆ తీగె చేరు చోటునకును తాకింపవలెను. సూచి చూపునదే దారిలో పోయిన ఓల్టేజి. పిదప రెండవ కొనను స్విచ్చి, ఫ్యూజుల మీదుగా బ్యాటరీ వైపునకు ఒక్కొక్క మెట్టు జరుపవలెను. ఏ మెట్టు దాటగనే సూచి చప్పున పడిపోవునో అచ్చటనే దోషము.

కారు ఉక్కుదేహమే ప్రవాహమునకు తిరుగుదారి. బ్యాటరీ రెండవ ధ్రువము నుండి దానినిగూడ ఇట్లే చూడవలెను. త్రుప్పు గీకి మర బిగించినచో, పాత బ్యాటరీయే మరల చక్కగా వెలుగునిచ్చును.