డిక్కీలోనే బ్యాటరీ.. అయినా తాళంతో ఆగే కరెంట్ దొరకదు! స్పోర్ట్స్ కార్లలో ఈ చిక్కు ఎందుకు?

కారుకు వెనుక డ్యాష్ కెమెరా పెట్టించారు. డిక్కీలో యాంప్లిఫయర్ బిగించారు. వారం రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత ఓ ఉదయం తాళం తిప్పితే టక్ టక్ శబ్దమే తప్ప ఇంజిన్ కదలదు. బ్యాటరీ ఖాళీ! ఇలాంటి కేసుల్లో చాలాసార్లు తప్పు పరికరానిది కాదు. దానికి కరెంట్ ఎక్కడి నుంచి లాగారన్నదే అసలు సమస్య.

మజ్దా ఎంఎక్స్-5 సంగతే చూద్దాం. 1989లో చికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల చిన్న కారు 2016 నాటికి 10 లక్షల మార్కును అందుకుంది. మన రోడ్లపై అరుదే కానీ, విదేశాల్లో పాతవి కొనుక్కుని ముస్తాబు చేసుకునేవాళ్లు బోలెడుమంది. ముందు, వెనుక బరువు సమానంగా ఉండాలని తొలి తరం కార్లలో బ్యాటరీని డిక్కీలో పెట్టారు. దీంతో చాలామంది పొరబడుతుంటారు. బ్యాటరీ పక్కనే ఉంది కదా, ఇక కరెంట్‌కు లోటేంటి అనుకుంటారు. కానీ అక్కడ ఉన్నది 24 గంటలూ వచ్చే కరెంట్. తాళం తీసినా ఆగదు.

కెమెరా 0.3 ఆంప్స్ మాత్రమే తీసుకుంటుందనుకుందాం. వినడానికి చాలా తక్కువ. కానీ రోజంతా కలిపితే 7.2 ఆంపియర్ అవర్స్. 45 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ అయితే మూడు రోజుల్లో సగం ఖాళీ అవుతుంది. వారానికోసారి బయటకు తీసే స్పోర్ట్స్ కారుకు అంతే సంగతులు.

మరి డిక్కీలో ఉన్న మిగతా వైర్లు? అక్కడే అసలు తిరకాసు. టెయిల్ లైట్ వైర్‌లో హెడ్‌లైట్ స్విచ్ వేస్తేనే కరెంట్ వస్తుంది. బ్రేక్ లైట్‌కు పెడల్ తొక్కితేనే వస్తుంది, అదీ తాళం లేకపోయినా. రివర్స్ లైట్‌కు తాళం ఆన్‌లో ఉండాలి, గేర్ కూడా రివర్స్‌లో ఉండాలి. ఇండికేటర్ వైర్ సరేసరి, వెలిగి ఆరుతుంటుంది. డిక్కీ బల్బు అయితే మరీ మాయ చేస్తుంది. మూత వేస్తే ఆరిపోతుంది కాబట్టి తాళంతో సంబంధం ఉందనుకుంటారు. నిజానికి దాన్ని ఆపేది మూత దగ్గరి స్విచ్ మాత్రమే. ఇవన్నీ వెనుక ఉన్న బల్బుల కోసం వేసిన వైర్లు. తాళంతో పనిచేసే ఫ్యూజులు ముందు డ్యాష్‌బోర్డ్ దగ్గరే ఉండిపోతాయి.

కొందరు ఫ్యూయల్ పంప్ వైర్ మీద కన్నేస్తారు. ఇంజిన్ నడిచినంతసేపూ అందులో కరెంట్ ఉంటుంది, వెనుక వైపే పోతుంది కూడా. కానీ ఇది చేయకూడని పని. అదనపు లోడ్‌తో ఆ ఫ్యూజ్ పోయిందంటే హైవే మీద ఇంజిన్ ఆగిపోతుంది.

ఒక మంచి దారి యాంటెనా. మోటార్‌తో పైకి లేచే యాంటెనా వెనుక ఉన్న కార్లలో, రేడియో ఆన్ చేయగానే అక్కడికి ఓ సంకేతం వెళ్తుంది. అయితే బయట కొన్న స్టీరియో మార్చి ఉంటే జాగ్రత్త. నీలం రంగు యాంటెనా వైర్ చాలా సెట్లలో రేడియో వింటున్నప్పుడే పనిచేస్తుంది, బ్లూటూత్‌కు మారగానే ఆగిపోతుంది. నీలం-తెలుపు చారల వైర్ యాంప్లిఫయర్ కోసం. సెట్ ఆన్‌లో ఉన్నంతసేపూ అది పనిచేస్తుంది. రెండింటిలో ఏదైనా బలహీనమైన సంకేతమే, పరికరాన్ని నేరుగా నడపడానికి కాదు.

అందుకే రిలే వాడాలి. పది నిమిషాల్లో అర్థమయ్యే వస్తువు ఇది. చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్ అన్నమాట. దాని మీద 30, 85, 86, 87 అని నంబర్లు ఉంటాయి. డిక్కీలోని బ్యాటరీ నుంచి వచ్చే వైర్ 30కి, పరికరానికి వెళ్లేది 87కి. 86కి తాళంతో వచ్చే సన్నటి వైర్, 85 బాడీకి ఎర్త్. తాళం తిప్పగానే రిలే అంటుకుంటుంది, తీయగానే వదిలేస్తుంది. రిలే కాయిల్ తీసుకునేది దాదాపు 0.15 నుంచి 0.2 ఆంప్స్ మాత్రమే. కాబట్టి ముందు నుంచి తెచ్చే వైర్ సన్నగా ఉన్నా సరిపోతుంది.

ఆ సన్నటి వైర్‌ను ముందున్న ఫ్యూజ్ బాక్స్‌లో వైపర్ లేదా రేడియో ఫ్యూజ్ దగ్గర ఫ్యూజ్ ట్యాప్‌తో తీసుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి వెళ్లకూడదు. తలుపు కింది అంచు ప్లాస్టిక్ తీసి, కార్పెట్ కిందుగా వెనక్కి లాగాలి. రేకులోంచి దూరే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. లేకపోతే ఊగుడుకి తొడుగు అరిగి షార్ట్ అవుతుంది.

బ్యాటరీ దగ్గర కూడా ఫ్యూజ్ ఉండాల్సిందే, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోనే. ఫ్యూజ్ కాపాడేది పరికరాన్ని కాదు, వైర్‌ను. దూరంగా పెడితే మధ్యలో ఉన్న వైర్‌కు రక్షణ ఉండదు. మరో విషయం చాలామందికి తెలియదు. మూసి ఉన్న డిక్కీలో బ్యాటరీ వదిలే హైడ్రోజన్ బయటకు పోవడానికి ఈ కారులో గొట్టాలు ఉంటాయి. కొత్త బ్యాటరీ వేసినప్పుడు ఆ గొట్టాలు తగిలించకపోతే, పక్కనే రేగే చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే. పని మొదలుపెట్టే ముందు నెగటివ్ టెర్మినల్ విప్పాలి.

చివరగా పరీక్ష. ఇందుకోసం టెర్మినల్ మళ్లీ బిగించి, మల్టీమీటర్ నల్ల ముల్లు పెయింట్ లేని రేకు మీద, ఎర్రది వైర్ మీద పెట్టాలి. తాళం తీసినప్పుడు సున్నా, ఆన్ చేస్తే 12 వోల్టులు, ఇంజిన్ నడిస్తే దాదాపు 14 కనిపించాలి. కొత్త కార్లలో తాళం తీశాక కూడా కొన్ని సర్క్యూట్లు కొద్దిసేపు మెలకువగా ఉంటాయి. అందుకే కారు లాక్ చేసి, అరగంట ఆగి మళ్లీ చూడాలి. ఈ కొత్త కార్లలో బల్బుల వైర్లను కంప్యూటర్ కనిపెట్టుకుని ఉంటుంది. వాటికి ఏదైనా తగిలిస్తే డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక లైటు వెలిగే అవకాశం ఉంది. వీటికి కూడా ఫ్యూజ్ ట్యాప్, రిలే పద్ధతే మేలు.